పైకి తిప్పిన అద్దం

నా చిన్నప్పుడు నాకు సిగ్గుపడడం వచ్చినంత బాగా మరే పనీ వచ్చేది కాదు. బడిలో టీచరు పేరు పిలిస్తే సిగ్గు. ఇంటికి ఎవరైనా వస్తే సిగ్గు. కూరల కొట్టులో అమ్మ బేరమాడుతుంటే నేను ఉల్లిపాయల బస్తాల వెనక నిలబడేదాన్ని. దోహాలో, ఉమ్ ఘువైలినాలో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. లిఫ్టులో మనుషులుంటే మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గర ఆయాసపడేదాన్ని. "ఈ పిల్లను ఎట్ల ఒడ్డున వేయాల్రా దేవుడా" అని అమ్మ తల పట్టుకునేది. జుట్టు నెరుస్తున్న ఈ వయసులో వెనక్కి తిరిగి చూసుకుంటే అవన్నీ చిల్లర సిగ్గులే. అసలైనది ఒకటుంది. అది నాకు పన్నెండేళ్ళప్పుడు, తొంభైల్లో, ఒక శుక్రవారం గుర్రాలు చూడబోయిన చోట ఎదురైంది.

గుర్రాలు చూపిస్తానన్నది మా జేజినాయన. నాన్నకు నాన్న. మా కడప వైపు అట్లాగే పిలుస్తాం. ఆయన అదే ఊళ్ళో ఒక అరబ్బుల ఇంట్లో హౌస్ డ్రైవర్. నాన్నకు అక్కడ కంపెనీలో ఉద్యోగమొచ్చి, ఫ్యామిలీ వీసా దొరికి మేం వెళ్ళేసరికే ఆయన అక్కడ పాతకాపు. మా ఇంట్లో ఉండమని నాన్న ఎంత బతిమాలినా వినలేదు. పనిచేసే ఇంటి గేటు పక్కన చిన్న గదిలో ఉండేవాడు. ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకు పోయిన మా అవ్వ ఫొటో, అంతే ఆయన సంసారం. ఖతర్ రాకముందు ప్రొద్దుటూరులో జట్కా తోలేవాడు. ఆటోలొచ్చి జట్కా ఎక్కేవాళ్ళు లేకపోతే గుర్రాన్ని అమ్మేసి, కారు నేర్చుకుని, విమానమెక్కాడు. అమ్మేసిన ఆ గుర్రం సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చేవాడు. అంత మాటకారికి అదొక్క విషయంలోనే నోరు మూతపడేది.

అల్ ఖోర్ అవతల, మడచెట్లు దాటాక, ఒడ్డుకు దగ్గరలోనే ఒక చిన్న దీవి ఉందనీ, దాని మీద అడవి గుర్రాలున్నాయనీ ఆయనకు ఎవరో బలూచీ డ్రైవర్ చెప్పాడు. ఎప్పుడో ఒక పెద్దింటాయన తన పిల్లల కోసం తెప్పించిన పొట్టి గుర్రాలట. పిల్లలు పెద్దవాళ్ళై కార్లెక్కాక, వాటిని అమ్మడానికి మనసొప్పక ఆ దీవిలో వదిలేశాడట. నీళ్ళూ గడ్డీ ఒక మనిషి తీసుకుపోయి పెట్టి వస్తాడు. వాటికి పుట్టినవి మాత్రం జీను అంటే ఏమిటో, కళ్ళెం అంటే ఏమిటో ఎరగవు. అమ్మడానికి మనసొప్పక అన్న ముక్క దగ్గర జేజినాయన గొంతు కాస్త తగ్గింది. నాకు చూపిస్తానన్నాడు గానీ, చూడాలని నాకంటే ఆయనకే ఎక్కువ ఉందని నాకప్పుడే అర్థమైంది.

ఆ శుక్రవారం జేజినాయన పనిచేసే ఇంటి మేడం బండి ఇచ్చింది. కొత్త బండి, సీట్లు పాలమీగడ రంగులో మెత్తగా ఉండేవి. సాయంత్రం ఆమె పెళ్ళికి వెళ్ళాలి, అప్పటికల్లా తిరిగి రావాలని షరతు. ఎండలో గుర్రాలేంది, గాడిదలేంది అని అమ్మ సణిగింది గానీ వద్దనలేదు. పొద్దున లేచినప్పటి నుంచీ నాకు నడుమూ పొత్తికడుపూ లాగుతున్నాయి. చెబితే ప్రయాణం మానిపిస్తుందని నోరు విప్పలేదు. లేత పసుపు స్కర్టు వేసుకుని కిందికి పరుగెత్తాను.

ఆ రోజు నాకెందుకో హుషారు పుట్టుకొచ్చింది. ముందు సీట్లో కూర్చోనన్నాను. "ఈ రోజు నేనే మేడం" అన్నాను. జేజినాయన వెంటనే బండి దిగి, చుట్టూ తిరిగొచ్చి, వెనక తలుపు తీసి నడుం వంచి నిలబడ్డాడు. మళ్ళీ వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుని, చెయ్యెత్తి, తన తలకు ఎదురుగా ఉన్న అద్దాన్ని పైకి తిప్పేశాడు. దాంట్లో ఆయన కళ్ళు మాయమై, బండి పైకప్పు కనబడింది.

"అదేంది, అద్దం అట్ల తిప్పినావు?"

"మేడంలు ఎక్కితే అద్దం పైకి తిప్పాల. అది హౌస్ డ్రైవర్ రూలు."

"ఎందుకు?"

"ఆడమనిషి వెనక సీట్లో ముసుగు తీస్తాది, నిద్రపోతాది, ఒక్కోసారి ఏడుస్తాది. అంతసేపూ ఆ సీటు ఆమె ఇల్లు మా. నేను డ్రైవర్ని. ఇంట్లోకి తొంగి చూస్తే బాగుంటాదా?"

నాకు నవ్వొచ్చింది. ఇంత పెద్ద బండిని వెనక ఏముందో చూడకుండా ఎట్లా తోలతావని అడిగాను. పక్కలకు రెండద్దాలుండాయి, అవి చాలు అన్నాడు. నాకు మాత్రం ఆ ఆట నచ్చలేదు. ఆయన ముఖం కనబడకపోతే కబుర్లు చెప్పుకున్నట్టు ఉండదు. "నేను ఉత్తుత్తి మేడంని, అద్దం దించు" అన్నాను. "మేడం మాట కాదంటామా" అని మళ్ళీ కిందికి తిప్పాడు. దాంట్లో ఆయన నెరిసిన కనుబొమలు నవ్వుతూ ప్రత్యక్షమయ్యాయి. దారి పొడుగునా ఆ కనుబొమలతోనే మాట్లాడాను.

మడచెట్ల దగ్గర బండి ఆపి, చెప్పులు చేత పట్టుకుని నడిచాం. నీళ్ళు బాగా వెనక్కి పోయిన సమయం. దీవికీ ఒడ్డుకూ మధ్య చీలమండలు మునిగేంత నీళ్ళే ఉన్నాయి. బురద చల్లగా, ఉప్పుగా ఉంది. కాస్త ఎడంగా ఒడ్డు మీద ఒక పికప్ బండీ, దాని నీడలో పదిమంది దాకా మగవాళ్ళూ కనబడ్డారు. సైట్ పనుల్లో ఉండే తెలంగాణవాళ్ళు. క్యాంప్ నుంచి శుక్రవారం సెలవుకు పీతలు పట్టుకోవడానికొచ్చి, రాళ్ళ పొయ్యి పెట్టి వండుకుంటున్నారు. మన మాట చెవిన పడగానే జేజినాయన చెయ్యి ఊపాడు. నేను ఎప్పటిలాగే ఆయన వెనక నక్కాను.

గుర్రాలు నిజంగానే ఉన్నాయి. నేననుకున్నంత ఎత్తు లేవు, నా భుజం దాకా వస్తాయేమో. బూడిద రంగువి, ఎర్రటివి, ఒకటి నల్లది. జూలు ఎవరూ దువ్వక చిక్కులు పడి ఉంది. గడ్డిమోపు చుట్టూ నిలబడి తింటూ, మమ్మల్ని చూసి ఒక్కసారిగా తలలెత్తాయి. జేజినాయన ఆగిపోయాడు. నోటితో ఏదో చిన్న చప్పుడు చేశాడు, జట్కావాళ్ళు గుర్రాన్ని అదిలించే చప్పుడు. అవి చెవులు ఇటు తిప్పాయే గానీ ఆ చప్పుడు వాటికి ఏమీ చెప్పలేదు. ఆయన తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుని, "కళ్ళెం మచ్చ ఒక్కదానికీ లేదు చూడు పాపా, ఎంత అదృష్టం" అన్నాడు.

నేను దగ్గరకు వెళ్ళబోతే అవి వెనక్కి జరిగాయి. రెండు అడుగులు వేస్తే అవి నాలుగు అడుగులు వేశాయి. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఆయన చెప్పాడు.

"కండ్లల్లోకి చూడొద్దు మా. నువ్వు అట్ల గుడ్లప్పగించి చూస్తే అది భయపడతాది. పక్కకు తిరిగి కూర్చో. సముద్రం చూస్తాండు. అది ఉండాదన్న సంగతే నీకు తెల్దన్నట్టు ఉండు. దాని ఇష్టమైతే అదే వస్తాది."

పక్కకు తిరిగి ఇసుకలో కూర్చున్నాను. చాలాసేపు ఏమీ జరగలేదు. నడుము ఇంకా లాగుతూనే ఉంది. ఎంతసేపటికో మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది. ఎర్రటి గుర్రప్పిల్ల ఒకటి నా జడను మూతితో తడిమి చూస్తోంది. నేను కదల్లేదు. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అంత సంతోషంగా నేను ఊపిరి బిగపట్టుకున్నది లేదు. కాసేపు నా జడ రిబ్బను నమిలి, రుచి నచ్చలేదేమో, తల్లి దగ్గరికి పరుగెత్తింది. నేను నవ్వుతూ లేచి, ఇసుక దులుపుకోవడానికి స్కర్టు వెనక్కి చెయ్యి పెట్టాను. చేతికి తడి తగిలింది. చూసుకుంటే ఎర్రగా ఉంది.

అది ఏమిటో నాకు తెలియక కాదు. అంతకుముందు సెలవుల్లో ఊళ్ళో మా పెద్దమ్మ కూతురు పెద్దమనిషైతే చూశాను. మైకు పెట్టారు. అక్కను గది మూల చాప మీద కూర్చోబెట్టి, ఊరంతా వచ్చి చూసి, పసుపు పూసి, పాటలు పాడి పోయారు. మగపిల్లలు కిటికీలోంచి తొంగిచూసి ఒకర్నొకరు పొడుచుకుని నవ్వుకున్నారు. తల వంచుకున్న అక్కను ఫొటో తీసి పెద్దది చేయించి హాల్లో తగిలించారు. గల్ఫ్ ఏదైనా మా ఊళ్ళోవాళ్ళకు కువైటే. "ఇంక వచ్చే ఏడు మన కువైట్ పాప వంతు" అని ఎవరో అంటే అందరూ నా వైపు తిరిగి నవ్వారు. ఆ రాత్రి దేవుడికి మొక్కుకున్నాను, నాకు మాత్రం ఇది ఎవరికీ తెలియకుండా అయిపోవాలని. ఇప్పుడు చూస్తే ఒక దీవిలో నిలబడ్డాను. పక్కన తాత. ఒడ్డు మీద పదిమంది మగవాళ్ళు. బండి వాళ్ళకు అవతల ఉంది.

సిగ్గుతో ఒళ్ళు కాలిపోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. భూమి చీలలేదు. నేను గుర్రాలకేసి వీపు పెట్టి, జేజినాయనకు ఎదురుగా ఉండేలా అడ్డదిడ్డంగా నడిచాను. ఆయన నన్ను చూడనేలేదు. నీళ్ళు ఎంతవరకొచ్చాయోనని సముద్రాన్ని చూస్తున్నాడు. చూస్తూనే తలకు చుట్టుకున్న గుత్రా, ఆ ఎర్ర గళ్ళ పెద్ద గుడ్డ, విప్పి నాకందించాడు. "ఉప్పు బురద అంటుకుంటే మేడం సీటు పాడైపోతాది. నడుముకు చుట్టుకో. బాగా బిగించుకో" అన్నాడు. దేవుడు నా మొర విన్నాడనుకున్నాను. రెండు చుట్లు చుట్టుకున్నాను.

ఒడ్డెక్కగానే ఆ మనుషులు పిలిచారు.

"ఓ పెద్దమనిషీ, ఇటు రా! అన్నం అయింది, జర ముద్ద తినిపో."

"మనుమరాలా బాపూ? పిల్లను గూడ రమ్మను, సిగ్గెందుకు, మనోళ్ళమే గద."

అంత ప్రేమగా పిలిచినవాళ్ళను నేను మనసులో ఎన్ని తిట్టానో. అందరూ నా వైపు చూస్తున్నారు. అప్పుడు జేజినాయన బండి తాళాలు నా చేతిలో పెట్టి, వాళ్ళ మధ్యకు వెళ్ళి, "గుర్రాలు చూసొచ్చినాము నాయనా. మీరు చూసినారా? మా ప్రొద్దుటూరులో నా గుర్రం ఎట్ల సకిలించేదో తెల్సునా?" అని, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, మెడ పైకెత్తి, గట్టిగా సకిలించాడు. అంతటితో ఆగక కాళ్ళు గిట్టల్లా నేలకేసి కొట్టాడు. జట్కా గుంతలో పడితే గుర్రం ఎట్లా అలిగేదో నడిచి చూపించాడు. వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. "మస్తుగున్నవ్ బాపూ, ఇంగొక్కసారి!" అన్నారు. ఆయన ఇంకోసారి సకిలించాడు. అందరి కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి. నేను వాళ్ళ వెనకగా బండి దగ్గరికి పరుగెత్తాను. పరుగెత్తుతూ కూడా, ఇంత ముసలాయన పరాయివాళ్ళ ముందు ఈ కోతి వేషాలేమిటని సిగ్గుపడ్డాను. చూడండి, నా సిగ్గు ఎంత తెలివితక్కువదో.

వెనక తలుపు తీస్తే ఇంకో పిడుగు. పొద్దున నేను కూర్చుని వచ్చిన చోట, ఆ పాలమీగడ సీటు మీద, రూపాయి బిళ్ళంత మరక. వేలితో తుడిచాను. స్కర్టు అంచుతో రుద్దాను. అది ఇంకా వెడల్పైంది. బండి మేడంది. సాయంత్రం ఆమె పెళ్ళికి వెళ్ళేది ఈ సీట్లోనే. చేసేదేమీ తోచక దాని మీదే కూర్చుని, కాళ్ళు దగ్గరకు పెట్టుకుని, కదలకుండా ఉండిపోయాను. జేజినాయన రొప్పుతూ వచ్చాడు. నా వైపు తిరక్కుండానే బండి కదిలించాడు.

దారిలో ఒక చిన్న కిరాణా కొట్టు ముందు ఆపాడు. దిగి ఒక పెద్ద సీసా ఎర్ర షర్బతు కొనుక్కొచ్చాడు. "పాపా, కొట్టు ఎనక కుళాయి ఉండాది. కాళ్ళ బురద కడుక్కోని రాపో. నిదానంగా రా, తొందరేం లేదు" అన్నాడు. గుత్రా బిగించి పట్టుకుని వెళ్ళాను. కాళ్ళు కడిగాను, చేతులు కడిగాను, ముఖం కడిగాను, మళ్ళీ చేతులు కడిగాను. తిరిగొచ్చేసరికి ఆయన వెనక తలుపు దగ్గర నిలబడి ఖాళీ సీసా పట్టుకుని, తనను తానే తిట్టుకుంటున్నాడు. సీటు మీద షర్బతు ఎర్రగా పారి ఉంది. నా మరక ఎక్కడుందో నాకే తెలియలేదు.

"నీకు పోసిద్దామనుకుంటి. ముసలోని చేతులు వణుకుతుండాయి మా. అంతా ఒలికిపాయ. నువ్వు ఈ పక్క కూర్చో."

ఆ పక్క పాత పేపర్లు పరిచి ఉన్నాయి. కూర్చున్నాను. నా అదృష్టం ఇంత గొప్పదా అని ఆశ్చర్యపోయాను. బండి కదిలిన కాసేపటికి, ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. చప్పుడు రాకుండా అరచెయ్యి కొరుక్కున్నాను. ఏడ్చేది ఆయనకు కనబడుతుందేమోనని భయపడి, ముందున్న అద్దంలోకి చూశాను.

అద్దంలో ఆయన కనుబొమలు లేవు. బండి పైకప్పు ఉంది.

ఎప్పుడు తిప్పాడో తెలియదు. నేను కుళాయి దగ్గరున్నప్పుడే అయ్యుండాలి. ఉత్తుత్తి మేడం మాట విని దించిన అద్దాన్ని మళ్ళీ పైకి తిప్పేశాడు. అంతసేపూ ఆ సీటు ఆమె ఇల్లు అన్న మాట గుర్తొచ్చింది. గుత్రా ఎందుకిచ్చాడో, ఎందుకు సకిలించాడో, ఎప్పుడూ చుక్క నీళ్ళు ఒలకనివ్వని ఆ చేతులు ఈ రోజే ఎందుకు వణికాయో, అన్నీ వరసగా అర్థమయ్యాయి. ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

నాకు అప్పుడు ఊరట కలిగిందని చెబితే అబద్ధం. ఇంకా పెద్ద సిగ్గు కలిగింది. తెలిసిపోయింది, అదీ తాతకు. కిటికీకి ముఖం ఆనించి దోహా వచ్చేదాకా ఏడ్చాను. ఆయన ఒక్కసారి కూడా ఏమైందని అడగలేదు. రోడ్డు మీది లారీలను తిట్టుకుంటూ, వాటితోనే మాట్లాడుకుంటూ తోలాడు. ఉమ్ ఘువైలినాకు వెళ్ళే వ్యవధి లేక నేరుగా మేడం ఇంటికి పోనిచ్చాడు.

ఆమె గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. వంటమనిషీ, తోటమనిషీ పక్కనే ఉన్నారు. జేజినాయన దిగి, వెనక తలుపు తీసి, తలవంచుకుని చెప్పాడు. షర్బతు ఒలకబోశానన్నాడు. "మాలేష్ మేడం, మాలేష్" అన్నాడు, తప్పైపోయిందన్నట్టు. ఆమె అరబిక్‌లో అందుకుంది. నాకు బడిలో నేర్పిన ముక్కలతోనే సగం అర్థమైంది. కొత్త బండి అంటోంది, పెళ్ళి అంటోంది, నీకు కళ్ళు లేవా అంటోంది. అరవై దాటిన మా జేజినాయన, ప్రొద్దుటూరు బజారులో పది జట్కాల్ని ఒక్క కేకతో పక్కకు తప్పించేవాడని నాన్న గొప్పగా చెప్పే మనిషి, బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను చేసింది, ఆయన కాదు అని అరవాలనిపించింది. అరిస్తే ఏం చేశావని అడుగుతారు. ఒక మనిషి నా కోసం తలవంచుకుంటే చూస్తూ నిలబడడంకన్నా ఊరంతా వచ్చి నన్ను చూసిపోయినా నయమే అనిపించింది.

మేడం తిడుతూనే వంగి సీటును తాకింది. తలతిప్పి నన్ను చూసింది. నా నడుముకున్న మగవాళ్ళ తలగుడ్డను చూసింది. ఏడ్చి ఉబ్బిన ముఖాన్ని చూసింది. ఆమె మాట ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంతకుముందుకంటే రెట్టింపు గట్టిగా అరవడం మొదలుపెట్టింది. ముసలివాడివైపోయావంది, ఇంకో డ్రైవర్ని చూసుకుంటానంది. అంత అరుస్తూనే మెత్తగా నా చెయ్యి పట్టుకుని ఆడవాళ్ళ గుమ్మం వైపు నడిపించుకుపోయింది. లోపల తలుపు వేశాక ఒక్క మాట మాట్లాడలేదు. తన కూతురి నల్ల స్కర్టొకటీ, కాగితంలో చుట్టిన పొట్లమొకటీ ఇచ్చి, స్నానాల గది చూపించింది. నేను బయటికొచ్చాక నా బుగ్గ మీద అరచెయ్యి ఆనించి "యా బింతీ" అంది. నా తల్లీ అన్నట్టు. మళ్ళీ గేటు దాకా వచ్చి, పనివాళ్ళు వినేటట్టు, ఇంకో విడత తిట్టింది.

ఆమెను పెళ్ళి దగ్గర దింపాక జేజినాయన నన్ను ఇంటికి తీసుకొచ్చాడు. అమ్మకు ఆ నల్ల స్కర్టు చూడగానే తెలిసిపోయింది. సంబరమూ కంగారూ కలిసి అటూ ఇటూ తిరిగింది. మా వైపు ఆడపిల్ల ఇట్లా అయినప్పుడు మొదట చూసినవాళ్ళెవరన్నది పెద్ద పట్టింపు. ముత్తైదువ చూస్తే మంచిదంటారు. భార్య పోయిన మగవాడు చూశాడంటే పెద్దవాళ్ళు నొసలు ముడివేస్తారు. జేజినాయన గుమ్మం బయటే నిలబడ్డాడు. అమ్మ తటపటాయిస్తూ అడిగింది.

"మామా, మొదట చూసింది ఎవురు?"

"నేను చూళ్ళేదు మా. పాప వెనక సీట్లో ఉండాది. అద్దం పైకి ఉండాది."

"మరి?"

"మేడమే చూసింటాది."

అమ్మ క్షణం ఆలోచించి, మొగుడూ పిల్లలూ ఉన్న మనిషే గదా, అరబ్బైతే ఏం అని తేల్చేసింది. ఆ విధంగా నా జాతకంలో ఒక ఖతరీ ముత్తైదువ చేరింది. జేజినాయన చెప్పులు తొడుక్కుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తన చూపు నాకు మంచిది కాదనేవాళ్ళ ముందు ఆయన ఎందుకంత సులువుగా తప్పుకున్నాడో అప్పుడు నాకు తోచలేదు. తర్వాత తోచినప్పుడు చాలా బాధపడ్డాను. అంత మంచి చూపు నేను ఇంకెక్కడా చూడలేదు.

వేడుక తప్పలేదు. తెలిసిన తెలుగు ఆడవాళ్ళు కొందరు వచ్చి చిమ్మిలి తినిపించి, పాటలు పాడి వెళ్ళారు. నేను మూల చాప మీద తల వంచుకునే కూర్చున్నాను. ఆ రోజు పొద్దున్నే జేజినాయన వచ్చి, ఏదో పనుందని నాన్న దగ్గర కెమెరా అడిగి పట్టుకుపోయాడట. ఏం పనో ఎవరికీ చెప్పలేదు. వారం దాకా తిరిగివ్వలేదు. అందుకే ఆ వేడుక ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయన నాతో మామూలుగానే ఉన్నాడు. గుర్రాల గురించి మాట్లాడేవాడు, నా జడ రిబ్బను నమిలిన పిల్ల గురించి వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. మిగతాది మా మధ్య ఎప్పుడూ మాటల్లోకి రాలేదు. నేనూ ఎత్తలేదు.

చివరి రోజుల్లో ఆయన ప్రొద్దుటూరులో మా అత్త ఇంట్లో మంచాన పడ్డాడు. పక్షవాతమొచ్చి ఒక పక్క పడిపోయింది. నేను చూడబోయిన రోజు సాయంత్రం పాత జట్కా స్నేహితులు నలుగురైదుగురు పరామర్శకొచ్చి వసారాలో చెప్పులు విడుస్తున్నారు. నేను చెంబుతో మజ్జిగ తీసుకుని గదిలోకెళ్ళాను. ఆయన ముఖం గోడ వైపు తిప్పుకుని ఉన్నాడు. పక్క తడిసి ఉంది. వాసన వస్తోంది. బయట స్నేహితుల గొంతులు వినబడుతున్నాయి. ఆయన మెడ మీది నరం అదురుతోంది. ఆ అదురు నాకు తెలుసు.

చెంబు వంచేశాను. మజ్జిగంతా దుప్పటి మీదా పరుపు మీదా పారింది. "అయ్యో, ఒలకబోసినా!" అని గట్టిగా అరిచాను. అత్త పరుగెత్తుకొచ్చి, ఇంత వయసొచ్చి చెంబు పట్టుకోవడం రాదా, మంచం మీద మనిషిని ముంచేస్తివి గదా అని అందరూ వినేటట్టు తిట్టింది. వచ్చినవాళ్ళు వసారాలోనే ఆగిపోయారు. నేను తలుపు వేసి, గోడ మీది క్యాలెండరు చూస్తూ ఆయన పంచె మార్చాను, పక్క మార్చాను. ఆయన కూడా క్యాలెండరే చూశాడు. ఉతికిన దుప్పటి కప్పి నేను లేవబోతుంటే, వంకర పోయిన నోటితో, కష్టపడి, ఒక్కో మాటే కూడదీసుకుని అడిగాడు.

"నీ చేతులు గూడా వణుకుతుండాయా పాపా?"

"ఔను జేజినాయనా. నాకూ వయసైపోతాంది."

ఆయన స్వాధీనంలో ఉన్న ఒక్క చేత్తో నా వేలు పట్టుకున్నాడు. కాసేపయ్యాక వదిలేస్తే, వెళ్ళి తలుపు తీసి స్నేహితుల్ని లోపలికి రమ్మన్నాను.

సిగ్గు నన్ను ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. నలుగురిలో మాట్లాడాలంటే అరచేతులకు చెమట పడుతుంది. అయితే ఎదుటి మనిషి సిగ్గుతో చితికిపోతుంటే ఏం చేయాలో మాత్రం నాకు తెలుసు. బడి నుంచి వచ్చేటప్పుడు ఒక్కోసారి మా అమ్మాయి వెనక సీట్లో ముఖం కిటికీకి ఆనించి, ముక్కు ఎగబీలుస్తూ కూర్చుంటుంది. ఏమైందని అడగను. అద్దం పైకి తిప్పేసి, ముందు పోయే లారీలను నాలుగు తిట్టుకుంటూ, బండి నిదానంగా తోలతాను.